ఉంగరం పక్కన కొండ

ఉదయం కాఫీ పట్టుకుని ముందుగదిలోకి అడుగుపెట్టిన రొజీల్దాకి బల్ల మీద జోస్యం చెప్పే బొమ్మల పేకలోంచి తీసిన రెండు ముక్కలు కనిపించాయి. పక్కపక్కనే, వెల్లకిలా. మొదటిది ఉంగరం, రెండోది కొండ. కప్పు తొణికి వేడి కాఫీ వేళ్ళ మీద పడింది. ఆమె కప్పు వదల్లేదు, అబ్బా అని కూడా అనలేదు. తన పేరు మీద ఆ రెండు ముక్కలూ అదే వరసలో ఒక్కసారే పడ్డాయి. ఆ ఒక్కసారే ఆమెకి చాలింది.

"ఏంటే అట్లా నిలబడిపోయావ్? చల్లారిపోతోంది, ఇటియ్యి," అంది తల్లి దాల్వా.

దాల్వాకి అరవై ఏడేళ్ళు. మదురేరా పేటలో రైలు కట్ట పక్కనున్న ఆ రెండు గదుల ఇల్లు తెలియని ఆడది లేదు. పెళ్ళి అవుతుందా, ఊరెళ్ళిన మొగుడు తిరిగొస్తాడా, కోడలు దారికొస్తుందా అని అడగడానికి వచ్చేవాళ్ళంతా ఆ ముందుగదిలోనే కూర్చుంటారు. లేసుగుడ్డ పరిచిన బల్ల, దాని మీద గ్లాసుడు నీళ్ళు, గోడకి గుర్రమెక్కిన జార్జి పునీతుడి పటం. దాల్వా ఎప్పుడూ ముక్కల్ని జంటగానే తీస్తుంది. మొదటి ముక్క సంగతేమిటో చెబుతుంది, రెండోది దాని గతేమిటో చెబుతుంది. ఉంగరం అంటే ఇచ్చిన మాట, పెళ్ళి. కొండ అంటే అడ్డంకి. రొజీల్దాకి అక్షరాలు రాకముందే వచ్చిన చదువు అది.

బల్లకి అవతల, అడగడానికి వచ్చినవాళ్ళ కుర్చీలో అర్లిందో కూర్చున్నాడు. లోకల్ రైలు నడిపి రిటైరైన మనిషి, భార్య పోయి చాలాకాలమైంది. ఏడాదిగా రోజూ పొద్దున్నే బేకరీ నుంచి వేడి రొట్టెలు తెచ్చి, దాల్వాతో కాఫీ తాగి వెళ్తుంటాడు. రొజీల్దాని చూడగానే రొట్టెల సంచి ఆమె వైపు జరిపాడు, కుక్కకి బిస్కెట్ వేసి గేటు దాటేవాడిలా.

"ఇవాళ నా కోసం నేనే వేసుకున్నా," అంది దాల్వా హుషారుగా. "చూశారా అర్లిందో గారూ, ఉంగరం, దాని పక్కనే కొండ. కొండ మీద కట్టిన ఇల్లన్నమాట. వానొచ్చినా వరదొచ్చినా చెక్కుచెదరదు. ఇంతకంటే ఏం కావాలి?"

"నువ్వెట్లా అంటే అట్లాగే," అన్నాడు అర్లిందో.

"నువ్వూ కూర్చోవే. ఒక మాట చెప్పాలి." దాల్వా కప్పు అందుకుని గొంతు సవరించుకుంది. "మేమిద్దరం పెళ్ళి చేసుకుంటున్నాం. జూన్‌లో, అంతోని పునీతుడి పండగైన మర్నాడు రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు. సాక్షి సంతకం నువ్వే పెట్టాలి. నువ్వు పెట్టకపోతే నేను ఆఫీసు మెట్టెక్కను. అది ముందే ఈయనకి చెప్పేశా."

అర్లిందో తల ఊపాడు. రొజీల్దా మాత్రం ముక్కల వైపే చూస్తోంది.

"కొండంటే ఏంటమ్మా?" అని అడిగింది మెల్లిగా.

"చెప్పాగా. గట్టితనం."

"గట్టితనమా?"

"ఆ. పునాది."

"నాకొచ్చినప్పుడు అడ్డమన్నావే! 'ఇది కదిలే బండి కాదమ్మా, చక్రం కింద కొండ పడింది, ఆగు' అన్నావే! ఇవే ముక్కలు, ఇదే బల్ల. నాకైతే రాయి, నీకైతే పునాదా? ఏం, ఈ కొండ మనిషి మొహం చూసి మాట మారుస్తుందా?"

"పొద్దున్నే మొదలెట్టావూ? ఎప్పటి సంగతే అది."

"ఎప్పుడు మాట్లాడాలి మరి? మీ పెళ్ళి విందులో మైకు పట్టుకుని చెప్పనా?"

"రొజీల్దా!"

"అంతోని పునీతుడి బొమ్మని నీళ్ళ గ్లాసులో తలకిందులుగా నిలబెట్టావా ఏంటి? పదహారేళ్ళ పిల్లలు చేస్తారు ఆ పని, మొగుణ్ణి తెచ్చిపెట్టేదాకా ఊపిరాడనివ్వకుండా. పాపం ముసలి పునీతుడు, నీ దెబ్బకి నీళ్ళు మింగి ఈయన్ని తెచ్చి పడేశాడు!"

అర్లిందో లేచి టోపీ తీసుకున్నాడు. "నేను మళ్ళీ వస్తాను దాల్వా."

"మళ్ళీ ఎందుకండీ? జూన్‌లో పెట్టే బేడా సర్దుకుని ఒకేసారి రండి!" అంది రొజీల్దా.

ఆయన గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "రొట్టెలు వేడిగా ఉన్నప్పుడే తిను తల్లీ," అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ మంచితనం రొజీల్దాకి పుండు మీద కారం చల్లినట్టయింది. ఎదురు తిట్టి ఉంటే ఎంత హాయిగా ఉండేది!

"సాక్షి సంతకం నేను పెట్టను," అంది తల్లితో. "ఎవరినైనా రోడ్డు మీంచి పిలుచుకో."

పూసల తెర విసిరికొట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. తెర చాలాసేపు గలగలలాడుతూనే ఉంది.

రొజీల్దాకి నలభై దాటాయి. వంటింట్లోనే ఆమె బతుకుతెరువు. కోడిమాంసం కూరి, నీటిబొట్టు ఆకారంలో చుట్టి వేయించే కొషీన్యాలంటే ఆ చుట్టుపక్కల పేటల్లో ఆమె చేతివే. పుట్టినరోజులకీ బాప్తిస్మాలకీ వందల్లో ఆర్డర్లు వస్తాయి. ఆ సాయంత్రం కూడా ఎవరిదో పుట్టినరోజు. కోడి ఉడికించిన నీళ్ళలోనే పిండి కలిపి, పొగలు కక్కుతుండగానే బల్ల మీద వేసి పిసకడం మొదలుపెట్టింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, ఆ పిండికి ఆ రోజు పడ్డ దెబ్బలు ఇన్నీ అన్నీ కావు.

జెనివాల్ అనే వెల్డరు ఒకడుండేవాడు. నవ్వితే ముందు పన్ను మీద విరుగు కనిపించేది. దక్షిణాన ఇతజాయి రేవులో ఓడలు కట్టే పని దొరికిందని, ఇల్లు కూడా చూశానని, పెళ్ళి చేసుకుని కలిసే వెళ్దామని అడిగాడు. రొజీల్దాకి అప్పుడు ఇరవై తొమ్మిది. అమ్మా, ముక్కలు వేసి చూడు, అంది. ఉంగరం వచ్చింది. ఆ పక్కన కొండ వచ్చింది. ఆగు, అంది తల్లి. ఆమె ఆగింది. అతను వెళ్ళాడు. కొన్ని నెలలు రోజూ ఫోన్, తర్వాత ఆదివారాలు, తర్వాత పండగలకి. ఆ తర్వాత ఒకనాడు పెద్ద మార్కెట్లో అతని మేనత్త కనిపించి, అక్కడే ఎవరినో చేసుకున్నాడని, పిల్లలు కూడానని చెప్పింది. రొజీల్దా ఆమెకి శుభాకాంక్షలు చెప్పి, కొనాల్సిన కోడి కొనుక్కుని ఇంటికొచ్చింది. ఆనాటి నుంచి తల్లీకూతుళ్ళిద్దరూ ఒకే ఇంట్లో, ఒకే కాఫీ తాగుతూ, ఆ సంగతి మాత్రం ఎత్తకుండా బతికారు.

ఎత్తకపోయినంత మాత్రాన పోతుందా? ఉప్పు ఎక్కువైందంటే దాని వెనక జెనివాలే, గుమ్మం తలుపు ధడాలుమంటే దాని వెనకా అతనే.

ఇప్పుడేమో అరవై ఏడేళ్ళ ముసలావిడకి కొండ కాస్తా పునాది అయింది! రొజీల్దా పిండి ముద్దని రెండు పిడికిళ్ళతో గుద్దింది.

అంతలో ముందు గుమ్మంలో చప్పుడైంది. "దాల్వక్కా, ఉన్నావా?" అంటూ జురేమా వచ్చింది. వీధి చివర బట్టలు కుట్టే మనిషి. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని పేట పేటంతా తెలుసు. తెర ఇవతల నుంచి ప్రతి మాటా స్పష్టంగా వినిపిస్తోంది.

"అర్లిందో ఏంటి, గేటు పక్క అరుగు మీద కూర్చున్నాడు? పలకరిస్తే గాలి పీల్చుకుంటున్నానన్నాడు. రైలు కట్ట పక్కన గాలేంటక్కా, దుమ్ము తప్ప?"

"ఆయన గాలి ఆయనిష్టం. నువ్వొచ్చిన పని చెప్పు."

"నా చెల్లెలి సంగతే. దానికొక సంబంధం కుదిరింది. అబ్బాయికి ఇదివరకే ఒక పెళ్ళయి విడిపోయాడు. నిలబడుద్దా లేదా చూసిపెట్టు. పేక ఇటివ్వు, కోస్తా."

"నువ్వు కొయ్యకు."

"అదేంటి?"

"పెళ్ళి ఎవరిది? నీ చెల్లెలిది. మరి నువ్వెట్లా కోస్తావ్? ఆ పిల్లనే రమ్మను. శుభ్రంగా చేతులు కడుక్కుని, ఈ కుర్చీలో కూర్చుని, ఎడమ చేత్తో అదే కొయ్యాలి. ఎవరి చెయ్యి కోస్తే ఆ ముక్కలు వాళ్ళవి. నువ్వు కోస్తే నీ మనసులో గుబులే పలుకుతుంది గానీ దాని గీత పలకదు."

"అది పనిలోంచి రాలేదక్కా! అక్కని నేను కోసినా, అది కోసినా ఒకటే కాదా?"

"ముమ్మాటికీ ఒకటి కాదు. మా అమ్మ నాకు మొట్టమొదట నేర్పింది అదే."

వంటింట్లో రొజీల్దా చేతులు పిండిలో ఉన్నట్టే ఆగిపోయాయి.

ఆ రోజు కూడా చేతులు ఇట్లాగే ఉన్నాయి. ఇదే బల్ల, ఇదే పిండి, ఇదే వేడి. తల్లి పేక పట్టుకుని తెర దగ్గరికి వచ్చి నిలబడింది. తను మోచేతులు పైకెత్తి చూపించింది. ఆ పేకని తను ముట్టుకోనే లేదు! కోసింది తల్లి. అంటే ఆ ముక్కలు తల్లివి.

ఇన్నేళ్ళుగా ఏం పట్టుకుని తిట్టాలో తెలియక ఉప్పునీ తలుపునీ తిట్టిన మనిషికి చేతికి కర్ర దొరికినట్టయింది. చేతులు తుడుచుకోవాలని కూడా తోచలేదు. మోచేతుల దాకా పిండితోనే తెర తోసుకుని ముందుగదిలోకి వచ్చింది. పూసలకి పిండి అంటుకుని వేలాడింది.

"ఆవేళ ఎవరు కోశారమ్మా?"

దాల్వా చేతిలో పేక కలుపుతున్నది కలుపుతున్నట్టే ఆగింది. ఏవేళ అని ఆవిడ అడగలేదు.

"చెప్పు! జురేమా కూడా వింటుంది. చెప్పు, ఎవరు కోశారు?"

"నేను తర్వాత వస్తాలే అక్కా," అని లేవబోయింది జురేమా.

"కూర్చో!" అని రొజీల్దా అరిచేసరికి జురేమా చటుక్కున కూర్చుండిపోయింది. వెళ్ళాలని ఆవిడకి మాత్రం ఉందా ఏమిటి?

"నువ్వు కోశావ్!" రొజీల్దా వేలు చూపిస్తుంటే పిండి బెడ్డ ఒకటి లేసుగుడ్డ మీద రాలింది. "నీ చేత్తో నువ్వు కోశావ్. ఊరందరికీ ఒక నీతీ, కడుపున పుట్టినదానికి ఒక నీతీనా? జురేమా చెల్లెలు పని మానుకుని వచ్చి కోసుకోవాలి. నీ కూతురికి మాత్రం నువ్వే కోసి, నువ్వే చదివి, నువ్వే ఆపేస్తావ్! ఆ కొండ నాది కాదు, నీది! నీ గుబులు! నీ గుబులు తెచ్చి నా పెళ్ళికి అడ్డం పెట్టావ్. నా కాపురం, నా పిల్లలు, అన్నీ ఆ కొండ కింద పూడ్చేశావ్. పూడ్చి, దాని మీద ఇవాళ నువ్వు ఇల్లు కట్టుకుంటావా?"

దాల్వా పేకని బల్ల మీద పెట్టింది. లేచి నిలబడింది. ఆవిడ కూతురి భుజం దాకా వస్తుంది, అయినా ఆ నిలబడటంలో ఆ ఎత్తు తక్కువ కనిపించలేదు.

"అవును. నేనే కోశా. ఎందుకు కోశానో కూడా చెప్పు మరి."

"ఎందుకేంటి?"

"చెప్పవే! జురేమా వింటుందిగా, మొత్తం వినాలిగా! చేతులు కడుక్కుని రా అన్నా నేను. అన్నానా లేదా?"

రొజీల్దా చూపు తన చేతుల మీదికి దిగింది.

"నువ్వేమన్నావ్? 'పర్లేదులేమ్మా, నువ్వే కొయ్యి, పిండి ఆరిపోద్ది' అన్నావ్. పిండి ఆరిపోద్దంట! పెళ్ళి ఆరిపోయినా పర్లేదు, పిండి మాత్రం ఆరకూడదు! కుళాయి ఎంత దూరంలో ఉందే ఆ వంటింట్లో? అదే పొద్దున ఫోను మోగితే రెండు చేతులూ గబగబా కడుక్కుని పరిగెత్తావ్, ఎవరో యాభై కొషీన్యాలు అడగడానికి చేశారు. వాళ్ళకి కడుక్కున్న చెయ్యి నీ పెళ్ళికి కడుక్కోలేదు. తన పెళ్ళి సంగతి అడుగుతూ చెయ్యి కడుక్కోని ఆడదాన్ని నేను నా బతుకులో నిన్నొక్కదాన్నే చూశా!"

"అయితే నువ్వు చదవకుండా ఉండాల్సింది! ఆగమని చెప్పకుండా ఉండాల్సింది!"

"ఆగమన్నా. నువ్వు ఆగావ్. నేనంటే ఆగిపోయే పిల్లవేనా నువ్వు? సిగరెట్లు మానెయ్యమంటే మానావా? ఆ జుట్టు కత్తిరించుకోవద్దని ఏడిస్తే విన్నావా? స్కూల్ టీచరు పని వదలొద్దంటే వదల్లేదా? నువ్వు పుట్టాక నా మాట విన్నది అదొక్కటే! ఎందుకు విన్నావో నేను చెప్పాలా? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇన్నేళ్ళు నా ముక్కల మీద పడి ఏడ్చావ్!"

బయట రైలు వెళ్ళింది. బల్ల మీద గ్లాసులో నీళ్ళు వణికాయి. జురేమా ఒకసారి తల్లినీ ఒకసారి కూతురినీ చూస్తోంది.

దాల్వా గొంతు తగ్గింది, కోపం మాత్రం తగ్గలేదు. ఈసారి ఆ కోపం ఆవిడ మీదికే తిరిగింది.

"నా తప్పు లేదని కాదు. రెండోసారి చెప్పాల్సింది, కడుక్కో అని. చెవి పట్టుకుని కుళాయి దగ్గరికి లాక్కెళ్ళాల్సింది. చెప్పలేదు. నువ్వు కడుక్కోకపోతే బావుండనిపించింది. మీ నాన్న పోయాక నువ్వూ పోతే ఈ ఇంట్లో ఎవరున్నారు? నేనూ, ఆ గోడ మీద గుర్రమూ. ఉంగరం పక్కన కొండ పడగానే అది నా కొండే అని నాకు తెలుసు. తెలిసీ నీదిగా చదివా. చాలా? ఇంకా కావాలా?"

రొజీల్దా కొట్టడానికి తెచ్చుకున్న కర్ర విరిగి రెండు ముక్కలై, ఒక ముక్క తన చేతిలోనే గుచ్చుకుంది. అయినా వెనక్కి తగ్గడం చేతకాదు కాబట్టి, దొరికిన ఆఖరి మాట విసిరింది.

"మరి ఇవాళ్టి కొండ? అది కూడా అబద్ధమేనా?"

"అబద్ధమే. అది పునాదీ కాదు, పాడూ కాదు. అర్లిందో భయపడి పారిపోతాడని అట్లా చెప్పా. ఇవాళ్టి ముక్కలు నా ప్రశ్నకి నా చేత్తో నేను కోసుకున్నవి. కొండంటే అడ్డమే. నా ఉంగరానికి అడ్డం ఎవరో నాకు తెలీదంటావా? అదిగో, మోచేతుల దాకా పిండి పూసుకుని గుమ్మంలో నిలబడి ఉంది!"

జురేమాకి పొలమారింది.

రొజీల్దా వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళింది. ఈసారి తెర విసరలేదు. కుళాయి తిప్పి దాని కింద చేతులు పెట్టి నిలబడింది. పిండి అప్పటికే ఎండి బిగుసుకుపోయి, నీళ్ళకి ఓ పట్టాన వదలడం లేదు.

తల్లి చెప్పింది నిజం. ఫోను నిజం, కుళాయి నిజం. తల్లికి తెలియనిది ఇంకొకటి ఉంది. కొండ అన్న మాట వినగానే ఆ రోజు తన గుండెల మీంచి బరువు దిగినట్టయింది. జెనివాల్ మీద ఇష్టం లేక కాదు. అతని నవ్వంటే ఇష్టం, ఆ విరిగిన పన్నంటే ఇష్టం. కానీ తెలిసిన ఒక్క మొహం లేని ఆ రేవు, అతను రోజంతా పనికి పోతే కిటికీ దగ్గర కూర్చోవడం, ఇది తప్పయితే వెనక్కి ఎట్లా రావాలి అన్న భయం, ఇవన్నీ రాత్రుళ్ళు నిద్రపోనిచ్చేవి కావు. రాను అని అతని మొహం మీద చెప్పే ధైర్యం లేదు. వస్తాను అనే ధైర్యమూ లేదు. ఎవరైనా ఆగు అంటే బావుండని ఎదురుచూసింది. తల్లి అంది. వెంటనే ఆ భారమంతా తల్లి నెత్తిన పెట్టి, ఇన్నేళ్ళు నిశ్చింతగా కోపం పెట్టుకుంది. ఆ కోపమే తిని, ఆ కోపమే తాగి, దాన్నే కప్పుకుని పడుకుంది. ఇప్పుడు అది లాగేస్తే కింద ఏముందో ఆమెకే తెలియదు.

ఏడుపు వచ్చింది. నిశ్శబ్దంగా ఏమీ రాలేదు. సింకు అంచు పట్టుకుని, ముక్కు కారుతూ, చిన్నపిల్లలా ఏడ్చింది.

వెనక చెప్పుల చప్పుడైంది. దాల్వా వచ్చి పక్కన నిలబడింది. ఊరుకో అనలేదు, క్షమించు అనలేదు. తలలోంచి పిన్ను తీసి, కూతురి చెయ్యి తన చేతిలోకి లాక్కుని, గోళ్ళ కింద ఎండిన పిండి ఒక్కో వేలికీ తీయడం మొదలుపెట్టింది. రొజీల్దా చెయ్యి లాక్కోలేదు.

"మెల్లిగా. గుచ్చుకుంటోంది," అంది.

"గుచ్చుకోనీ."

"ఎందుకు ఇన్నాళ్ళూ అనలేదమ్మా ఈ మాట? ఎప్పుడో మొహాన కొట్టాల్సింది."

"అంటే నా మాట కూడా బయటికొస్తుందిగా," అంది దాల్వా పిన్ను మీదే చూపు పెట్టి. "నీ తప్పు చెప్పాలంటే నాది కూడా చెప్పాలి. అందుకని ఇద్దరం మూసుకుని కూర్చున్నాం." సబ్బు తీసి రుద్ది, కడిగి, తన గౌను అంచుతోనే ఆ చేతులు తుడిచింది. "పిచ్చిదానా. ఆ సంతకం నువ్వు పెట్టకపోతే నేను నిజంగానే వెళ్ళను. బెదిరింపు కాదు. నీ పెళ్ళి నా గుబులుతో పోయింది. నా పెళ్ళి నీ కోపంతో పోతే లెక్క సరిపోతుందని నీకనిపిస్తే, సరే, అట్లాగే కానియ్యి."

రొజీల్దా తల్లి మొహంలోకి చూసింది. అంతమందికి ధైర్యం చెప్పే ఆ మొహంలో భయం కనిపించింది. ఆవిడకి మిగిలిన కొద్దికాలం తన ఒక్క మాట మీద వేలాడుతోందని, ఆ ఒక్క మాటతో దాన్ని ఆపేసే అధికారం తనకుందని, అప్పుడు తెలిసింది. ఆ అధికారం చేతిలో ఉంటే ఎంత తియ్యగా ఉంటుందో ఆమెకి ఆ పొద్దున్నే రుచి తెలిసింది కూడా. ఒకప్పుడు తల్లికీ ఇట్లాగే ఉండి ఉంటుంది.

ఆమె తల్లిని దాటుకుని ముందుగదిలోకి వచ్చింది.

"లే," అంది జురేమాతో.

"నన్ను కూర్చోమన్నది నువ్వేగా!"

"ఇప్పుడు లెమ్మంటున్నా. ఆ కుర్చీ కావాలి."

జురేమా గొణుక్కుంటూ కిటికీ పక్క స్టూలు మీదికి మారింది. రొజీల్దా అడగడానికి వచ్చినవాళ్ళ కుర్చీలో కూర్చుంది. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగిన మనిషి, ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. అటువైపు నుంచి చూస్తే గది వేరేగా ఉంది. పటంలో గుర్రం ఎదురుగా వస్తోంది.

దాల్వా తన చోట కూర్చుని పేక కలిపి బల్ల మధ్యలో పెట్టింది. రొజీల్దా ఎడమ చెయ్యి చాచింది. శుభ్రంగా కడిగిన చెయ్యి, సబ్బు వాసన వేస్తోంది. పేక మీద పెట్టి కోసింది. దాల్వా పైనుంచి రెండు ముక్కలు తీసి, బోర్లా పక్కపక్కన పెట్టింది.

"ప్రశ్న?" అంది వచ్చినవాళ్ళందరినీ అడిగే గొంతుతోనే.

రొజీల్దా నోరు తెరిచింది. జెనివాల్ గురించి అడగడానికి ఏముంది? అతనికి పిల్లలు. తన గురించి అడుగుదామంటే, ముందు తనకేం కావాలో తెలియాలిగా. అది తెలుసుకోవడానికి కొంతకాలం పట్టేట్టుంది. తల్లి ఎదురుచూస్తోంది. స్టూలు మీద జురేమా మెడ చాచి ఎదురుచూస్తోంది.

"జూన్ అంటే మనకి చలికాలం," అంది రొజీల్దా. "రిజిస్ట్రారు ఆఫీసుకి సాక్షి ఏ రంగు గౌను వేసుకుని రావాలి?"

దాల్వా రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో మొదట తెలియలేదు, కాసేపటికి రెండూనని తెలిసింది.

"దానికి పేకెందుకే," అంది ముక్కు చీదుకుంటూ. "నీలం. నీకు నీలం నప్పుతుంది. పసుపు వేసుకోమాకు, రోగిష్టిదానిలా ఉంటావ్."

"నాకు పసుపే ఇష్టం."

"నా మాట ఎప్పుడు విన్నావ్ గనక!"

"నీలం గుడ్డ నా దగ్గరుంది," అంది జురేమా. "కొలతలు ఇప్పుడే తీసుకుంటా. అది సరే, ఆ ముక్కలేంటో చూడరా? ఏమొచ్చిందో తెలీకపోతే నాకు నిద్ర పట్టదు." అంటూ స్టూలు మీంచి వంగి బోర్లా ఉన్న ముక్కల వైపు చెయ్యి చాచింది.

"ముట్టుకోకు!" తల్లీకూతుళ్ళిద్దరూ ఒక్కసారే అరిచారు.

జురేమా చెయ్యి వెనక్కి లాక్కుంది. దాల్వా ఆ రెండు ముక్కల్నీ చూడకుండానే పేకలో కలిపేసింది. రొజీల్దా లేచి, కళ్ళు తుడుచుకుని, గుమ్మంలోకి వెళ్ళింది. గేటు పక్క అరుగు మీద అర్లిందో టోపీ ఒళ్ళో పెట్టుకుని, రైళ్ళు చూస్తూ కూర్చుని ఉన్నాడు.

"ఏమండీ, అక్కడ కాపలా కాస్తున్నారా?" అని గట్టిగా కేకేసింది. ఆమె గొంతు ఎప్పట్లాగే తిడుతున్నట్టే ఉంది. "లోపలికి రండి. మీ మూలంగా నా పిండి ఎండిపోయింది, మళ్ళీ కలపాలి. వచ్చి కోడిమాంసం చీల్చి పెట్టండి."

అర్లిందో గబగబా లేచాడు. గుమ్మంలో ఆమె పక్కగా లోపలికి వెళ్ళబోతుంటే రొజీల్దా చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన బెదిరిపోయి ఆగాడు.

"ముందు చేతులు కడుక్కోండి," అంది.